ముంగిటి కుళాయి – దాని మంచిచెడ్డలు

నీటికి సంస్కృతమున ‘జీవనము’ అని పేరు. నీరు లేనిదే బ్రతుకు లేదను సత్యమును మన పెద్దలు ఆ ఒక్క మాటలోనే చెప్పియుంచిరి. నేడు రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతముల పల్లెలలో ఆ జీవనము బావిగట్టును, వీధి మొగను విడిచి ఇంటి ముంగిటికి వచ్చుచున్నది. మన పాఠశాలకు బిడ్డలను పంపు తల్లిదండ్రులలో ఇటీవల కుళాయి వేయించుకొన్నవారు కలరు. వేయించుకొన తలచుచున్నవారును కలరు. అట్టివారికి ఉపయోగపడునను తలంపుతో ఆ పనికి సంబంధించిన ముఖ్య విషయములను ఇచట వివరించుచున్నాము.

కుళాయి వచ్చినంతనే నీటి బాధ తీరినదని సామాన్యముగా అందరు తలతురు. కాని వీధి గొట్టమునుండి మన ఇంటికి వచ్చు ఆ నాలుగు బారల గొట్టమే తరచుగా రోగమునకు త్రోవ యగుచున్నది. దానికి ప్రమాదము నీరు పారునప్పటికంటె పారనప్పుడే ఎక్కువ. ఈ యొక్క సంగతి తెలిసినచో తక్కిన జాగ్రత్తలన్నియు వాటంతట అవియే బోధపడును. కావున దానినే మొదట విపులముగా చెప్పుదుము.

అంతకు ముందొక మాట. ‘కుళాయి’ యనునది మనకు తమిళము నుండి వచ్చిన మాట. తమిళమున దానికి గొట్టమనియే అర్థము. నీరు విడుచు బిరడాను సయితము వారు ఆ మాటతోనే పిలుతురు. తెలుగువారము గొట్టమును గొట్టమనియే యుంచుకొని, దాని కొసనున్న బిరడాకు మాత్రము కుళాయి యని పేరు పెట్టుకొంటిమి. నీటిని నేలలోపల నడపు విద్యయు ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. పదునారవ శతాబ్దమున విజయనగర సామంతుల కాలమున కట్టబడిన వేలూరు కోట కందకమునకు, సూర్యగుంట యను చెరువు నుండి భూమిలోని కాలువ ద్వారా నీరు వచ్చుచుండెడిదని చరిత్రకారులు చెప్పుదురు. ఆ చెరువు పేరును బట్టియే ఇచట మన భాష ఎంతటి పాతదో తెలియును.

ఇక నీరు ఎచట నుండి వచ్చుచున్నదో చూతము. మన ప్రాంతమునకు పాలారు తల్లి వంటిది. కర్ణాటకమున నంది కొండలలో పుట్టి, ఆంధ్రదేశమున కొంత దూరము నడచి, తమిళనాడున 222 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియును. ఏటిలో పెక్కు నెలలు కానవచ్చునది ఇసుకయే ఐనను, ఆ ఇసుక క్రింద ఊట యుండెడిది. ఊటకాలువలు త్రవ్వి పొలములకు, బావులు త్రవ్వి ఊళ్లకు నీరు తెచ్చుకొనుట ఇచటి వారి ఆచారము. గుడియాత్తము గుండా పారు కౌండిన్య నదియు చిత్తూరు సీమ కొండలలో పుట్టి, మోర్ధానా జలాశయము మీదుగా వచ్చి పాలారులో కలియును.

ఐతే తోళ్లు పదునుచేయు కర్మాగారముల మురుగు వలన పాలారు తీరమున బావి నీరు పెక్కుచోట్ల ఉప్పనై త్రాగుటకు పనికిరాకపోయెను. వేలూరు పౌర సంక్షేమ వేదిక తెచ్చిన వ్యాజ్యమున 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటను ప్రసిద్ధమైనది. కాలుష్యము చేసినవారే దాని నష్టమును భరింపవలెనను న్యాయము మన దేశపు చట్టములో భాగమని ఆ తీర్పు స్పష్టము చేసినది. తోళ్ల కర్మాగారముల ప్రాంతమున దాదాపు 35,000 హెక్టార్ల సాగునేల కొంతగానో పూర్తిగానో చెడినదని అందులోనే పేర్కొనబడినది. మరల 2025 జనవరి 30న అదే న్యాయస్థానము పాలారు విషయమున నష్టపరిహారమును గూర్చియు, నదిని బాగుచేయుటను గూర్చియు ఉత్తరువులిచ్చెను. నీటిలో కరగిన ఉప్పును కాచుట వలన పోగొట్టజాలము. ఇట్టి కారణముల చేతనే మేట్టూరు దిగువ కావేరి నీటిని నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములలో మన ప్రాంతమునకు తీసికొని రావలసి వచ్చినది. ఊరి బోరుబావుల నీటికి ఆ కావేరి నీరు అనేక గ్రామములలో తోడైనది.

నీటిని ఇంటింటికి చేర్చుటకు 2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జల జీవన పథకమును ప్రకటించెను. నాడు దేశమున కుళాయి గల గ్రామీణ గృహములు 3 కోట్ల 23 లక్షలు మాత్రమే. 2025 నాటికి అవి 15 కోట్లకు మించినవి. మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు ఇంటిలోనే అందవలెననునది ఆ పథకపు లక్ష్యము. తమిళనాడున పెద్ద గొట్టముల పనిని 1971లో ఏర్పడిన నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు చూచును. ఊరిలో వీధులకు నీరు విడుచుట, ఇండ్లకు కుళాయి అనుమతించుట గ్రామ పంచాయతి పని. ముంగిటి గొట్టమును కాపాడుకొనుట మాత్రము గృహస్థుని పనియే.

ఊరి నడుమ నున్న ఎత్తైన ట్యాంకును బిడ్డలందరు చూచియుందురు. అది అంత ఎత్తున ఏల యుండవలెనని అడిగినచో చెప్పగలవారు కొందరే. నీటికి బలమిచ్చునది దాని ఎత్తు. పది మీటర్ల ఎత్తుగల నీరు గొట్టపు గోడపై చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి చూపును. గొట్టము నిండుగా ఉన్నంతసేపు ఈ ఒత్తిడి లోపలి నుండి వెలుపలికి త్రోయుచుండును. అతుకులో సన్నని బీట యున్నను లోపలి నీరు వెలికి చిమ్మునే గాని, వెలుపలి మురికి లోనికి రాజాలదు. అనగా గొట్టమునకు కావలి దానిలోని నీరే.

మన పల్లెలలో నీరు దినమంతయు రాదు. కొన్ని గంటలు విడిచి కట్టివేయుదురు. వేసవిలో కొన్నిచోట్ల దినము విడిచి దినము వచ్చును. ట్యాంకు వద్ద వాల్వు మూసినంతనే వీధి గొట్టములో మిగిలిన నీరు పల్లపు ఇండ్ల కుళాయిల గుండా జారిపోవును. జారుచున్న నీరు తన వెనుక గాలిని లాగును. ఆ సమయమున ఎచట బీటయున్నను, ఎచట కుళాయి తెరచియున్నను అచటి నుండి గొట్టము పీల్చుకొనును. అచట నున్నది గాలి యైనచో గాలినే పీల్చును. మురుగు కాలువ యైనచో మురుగునే పీల్చును. మరునాడు నీరు విడిచినప్పుడు ఆ మురుగే మొదటి బిందెలోనికి వచ్చును. పచ్చకామెర్లు, సన్నిపాత జ్వరము, విరేచనములు ఇల్లు జొచ్చు త్రోవలలో ఇది యొకటి.

ఇది ఊహ కాదు. కర్ణాటకమున హుబ్లీ–ధారవాడ నగరములలో కొన్ని పేటలకు ఇరువదినాలుగు గంటలు, తక్కిన పేటలకు కొన్ని దినముల కొకసారి నీరిచ్చుచుండగా పరిశోధకులు రెండింటిని పోల్చిచూచి 2013లో ప్రకటించిరి. విడిచి విడిచి నీరు వచ్చు పేటలలో కుళాయి నమూనాలలో దాదాపు మూడింట ఒక వంతున మలసంబంధమైన సూక్ష్మజీవులు కనబడినవి. ఎడతెగక నీరు వచ్చు పేటలలో అట్టివి నూటికి ఒకటికంటె తక్కువ. ఊరు ఒక్కటే, నీటిని శుద్ధిచేయు విధానమును ఒక్కటే, గొట్టము నిండుగా నుండుట, ఖాళీ యగుట యను భేదము మాత్రము గొప్పది.

ఇప్పుడు కుళాయి వేయించు పని క్రమమును చెప్పుదుము. మొదటిది అర్జీ. గ్రామ పంచాయతికి ‘కుడినీర్ ఇణైప్పు’ కోరుచు తమిళమున అర్జీ వ్రాసి, సాధారణముగా ఇంటి పన్ను రశీదుతో జతపరచి ఇయ్యవలెను. ఇంట తెలుగు మాటాడు పెద్దలలో కొందరు తమిళమున వ్రాయుటకు వెనుదీయుదురు. మన పిల్లలు రెండు భాషలును నేర్చుచున్నారు గదా! అట్టి అర్జీని వారిచేతనే వ్రాయించినచో పని జరుగును, బిడ్డకు మంచి పాఠమును అగును. అనుమతి రానిదే వీధి గొట్టమునకు రంధ్రము పెట్టరాదు. బోరునుండి ట్యాంకునకు నీరెక్కించు గొట్టమునకు ఎన్నడును కుళాయి తగిలింపరాదు. ట్యాంకునుండి ఇండ్లకు దిగు గొట్టమునకే తగిలింపవలెను.

వీధి గొట్టముపై పట్టీ బిగించి, రంధ్రము చేసి, ఫెర్రూలను ఇత్తడి మరను కూర్చుదురు. మన ఇంటికి ఎంత నీరు రావలెనో ఆ మర నిర్ణయించును. అచట నుండి వచ్చునది మన గొట్టము. అర అంగుళపు గొట్టము ఒక ఇంటికి సాధారణముగా చాలును. గొట్టపు లావు సగమైనచో నీరు సగమగునని తలచుట పొరపాటు. ఒకే దూరమున ఒకే ఒత్తిడితో పారినచో, అంగుళపు గొట్టమిచ్చు నీటిలో అర అంగుళపు గొట్టము ఇంచుమించు ఆరవ వంతే ఇచ్చును. కావున ఇల్లు వీధికి చాల దూరమున నున్నవారు పంచాయతి వారితో ఆలోచించి ముప్పాతిక అంగుళపు గొట్టమును వేయించుకొనుట మేలు.

ఇనుప గొట్టము గట్టిదే ఐనను ఉప్పునేలలో త్రుప్పుపట్టును. పి.వి.సి. గొట్టము త్రుప్పుపట్టదు గాని ఎండ తగిలిన పెళుసుబారును. కావున దానిని నేలపై నడపరాదు. చుట్టగా వచ్చు నల్లని పాలిథీను గొట్టమునకు నడుమ అతుకులు తక్కువ. అతుకు తక్కువైనచో మురికి చొరబడు త్రోవలును తక్కువ. ఏ గొట్టమైనను రెండడుగుల లోతునకు తక్కువ గాక పూడ్చవలెను. బండ్లు, ట్రాక్టర్లు తిరుగు చోట మూడడుగులు ఉండవలెను. క్రింద రాళ్లు లేకుండ ఇసుక పరచి, గొట్టముంచి, మరల ఇసుక కప్పి, ఆపై మన్ను పోయవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది మురుగు కాలువ. పల్లెలలో వీధి కాలువ ఇంటికిని వీధి గొట్టమునకును నడుమ నుండును. త్రవ్వు శ్రమ తప్పునని గొట్టమును కాలువలోనే పడవైచి లాగికొనువారు కలరు. నీరు ఆగినప్పుడు గొట్టము పీల్చునని పైన చెప్పితిమి. కాలువలో పడియున్న గొట్టము దేనిని పీల్చునో వేరుగా చెప్పనక్కరలేదు. సాధ్యమైనంత వరకు మురుగునకును మంచినీటి గొట్టమునకును పదడుగుల ఎడముండవలెను. కాలువను దాటక తప్పనిచో దాని మీదుగా దాటించి, ఆ భాగమునకు లావైన మరియొక గొట్టమును తొడుగుగా వేసి, లోపల అతుకు లేకుండ చూడవలెను. మరుగుదొడ్డి గుంతకు ప్రక్కగా గొట్టమును తీసికొనిపోరాదు.

ఇంటి సరిహద్దులో ఒక మూత వాల్వును, నీరు వెనుకకు మరలకుండ ఆపు మరియొక వాల్వును బిగింపవలెను. ఈ రెండవ దానికి అగు వ్యయము కొద్దిపాటిదే. అది వీధివారందరిని మన ఇంటి మురికి నుండి కాపాడును. పూడ్చుటకు ముందే నీరు విడిచి, ప్రతి అతుకును పొడి చేతితో తడిమి చూడవలెను. చెమ్మ తగిలిన అతుకును విప్పి మరల బిగింపవలెను. మన్ను కప్పిన పిమ్మట బీటను కనుగొనుట కష్టము. కుళాయి నోరు బిందె పట్టునంత ఎత్తున నుండవలెను. క్రింద అరుగు కట్టి, ఒలికిన నీరు చెట్లకు పోవునట్లు దారి చేయవలెను. కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టమును బకెట్టులో ముంచి విడువరాదు. నీరాగినప్పుడు బకెట్టులోని సబ్బు నీరు వీధి గొట్టమునకు ఎక్కిపోవును. నేలతొట్టి గలవారు గొట్టపు కొసను నీటి మట్టమునకు పైననే ఉంచవలెను. ఇంటి బోరు గొట్టమును పంచాయతి గొట్టముతో ఎన్నడును కలుపరాదు.

ఇక రెండు దురాచారములను గూర్చి చెప్పక తప్పదు. నీటి ధార సన్నగిలినప్పుడు కొందరు ముంగిట గుంత త్రవ్వి, గొట్టమును నేలమట్టమునకు దిగువన కోసి, అందులో కూర్చుండి నీరు పట్టుకొందురు. మరికొందరు గొట్టమునకు మోటారు తగిలించి నీటిని లాగుదురు. వారికి నీరు వచ్చుమాట నిజమే. గుంతలో నిలిచిన మురికి నీరు, ధార ఆగినంతనే ఆ తెగిన గొట్టమున ప్రవేశించును. ఇక మోటారు, నీరు పారుచున్న వేళలోనే వీధి గొట్టము నుండి ఒత్తిడిని లాగివేయును. అనగా ఇరుగుపొరుగు ఇండ్ల గొట్టములకు కావలిగా నున్న నీటినే దొంగిలించుచున్నది. ఆ లోటు మొదట తెలియునది వీధి చివరి ఇంటికి. ఆ ఇంటి కుళాయిలో నీటికి మారు గాలి బుసకొట్టును. చివరి ఇల్లు తరచుగా పేదవానిదే యగుటయు మనమెరిగినదే. అది చూచి ప్రక్కవాడును మోటారు కొనును. పిమ్మట వీధియంతయు కొనును. తుదకు ఎవ్వరికిని నీరు చాలదు. ఊరి కుళాయి సక్రమముగా నున్నదా యని తెలిసికొనుటకు చివరి ఇంటి బిందెయే కొలబద్ద.

ఈ సంగతిని పాఠశాల సంచికలో ఏల వ్రాయుచున్నామని ఎవరైన అడుగవచ్చును. చిన్న లెక్క వేసి చూతము. ఐదుగురుగల ఇంటికి మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు 275 లీటర్లు కావలెను. పదునైదు లీటర్ల బిందెతో మోసినచో పదునెనిమిది బిందెలు. వీధి కుళాయికి పోయి వచ్చుటకు ఒక్కొక్క బిందెకు ఐదు నిమిషములు పట్టినను గంటన్నర కాలమగును. ఆ గంటన్నర ఎవరిది? తల్లిది, తల్లికి చేతకానినాడు కూతురిది. ప్రొద్దుటి ఆ కాలము ఆడపిల్ల చదువుకొనవలసిన కాలము. చివరి ఇంటి కుళాయి ఎండినచో ఆ బిడ్డ మరల బిందె ఎత్తుకొనవలెను. ఇక మురికి నీరు త్రాగి కామెర్లు సోకిన బిడ్డ కొన్ని వారములు బడికి దూరమగును. ఈ నష్టము ఏ పరీక్షలోను పూడునది కాదు.

దినదినము పాటింపదగిన నియమములు కొన్ని కలవు. ముప్పది మీటర్ల అర అంగుళపు గొట్టములో పట్టు నీరు సుమారు ఐదు లీటర్లే. కావున నీరు వచ్చినంతనే మొదటి రెండు బకెట్లను త్రాగుటకు గాక చెట్లకు, కడుగుటకు వాడుకొన్నచో, మన గొట్టములో నిలిచిన నీరంతయు పోవును. వీధి గొట్టములోని మురికియు చాలవరకు పోవును. కుళాయి వద్ద లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెననునది నియమము. దానిని చూచుటకు చిన్న పరీక్షా పెట్టె యున్నది. ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు ఆ పరీక్షలు నేర్పవలెనని జల జీవన పథకమున ఏర్పాటు. మన తల్లులు ముందుకు వచ్చి నేర్చుకొన్నచో ఎంతయో మేలు. 2021 నవంబరులో వలె పాలారు, కౌండిన్య పొంగి వీధులలో నీరు నిలిచినప్పుడు, గొట్టములు మరల శుభ్రపడు వరకు నీటిని తెర్ల కాచి త్రాగవలెను. ఉతుకు పోయిన కుళాయి క్షణమునకొక బొట్టు రాల్చినను దినమునకు నాలుగు లీటర్లకు పైగా వృథా యగును. దానిని నాడే బాగుచేయించవలెను.

గొట్టము పగిలినను, చివరి ఇండ్లకు నీరు చేరకున్నను చెప్పుకొనుటకు చోటు గ్రామ సభ. తమిళనాడున 2022 నుండి సంవత్సరమునకు ఆరు గ్రామ సభలు ఏర్పరుపబడినవి. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలకు తోడుగా స్థానిక స్వపరిపాలన దినమగు నవంబరు 1ని, ప్రపంచ జల దినమగు మార్చి 22ని చేర్చిరి. పరదరామి వంటి సరిహద్దు గ్రామములలో తెలుగు మాటాడువారు పలువురు కలరు. సభలో మాటాడుటకు భాష అడ్డమని వెనుక కూర్చుండుట తగదు. ఏ వీధిలో, ఏ స్తంభము వద్ద, ఏనాటి నుండి గొట్టము కారుచున్నదో తమిళమున ఒక కాగితముపై వ్రాసి ఇచ్చి, తీర్మానములో చేర్పించుకొని రావలెను.

ముంగిటి కుళాయి మన ఇంటి గోడలోపల నున్నను, దాని వెనుకనున్న నీరు వీధిలో అందరిది. ఒక ఇంటి బీటయైన అతుకు పది ఇండ్లకు రోగము తెచ్చును; ఒక ఇంటి మోటారు పది ఇండ్ల బిందెలను ఖాళీ చేయును. అట్లే ఒక ఇంటివారు కాలువలోని గొట్టమును పైకెత్తించినచో ఆ మేలు వీధి యంతటికిని చేరును. రాబోవు వేసవికి ముందు ఒకనాటి ఉదయము, నీరు వచ్చు వేళకు, తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని తమ గొట్టమును వీధినుండి కుళాయి వరకు ఒకసారి నడచి చూతురు గాక. అతుకులను, కాలువ దాటు చోటును పరీక్షించి, ఆపై వీధి చివరి ఇంటికి పోయి అచట బిందె నిండుచున్నదో లేదో విచారింతురు గాక యని మా ప్రార్థన.